పానకాల స్వామి కొండకి ఒక్క రోజులో: వెళ్లబోయే బ్యాచ్‌ల కోసం

మన హైస్కూలు పాత బ్యాచ్‌లు ఎప్పుడు కలిసినా, రెండో రోజు ఎక్కడికి పోదామన్న చర్చ చాలాసార్లు మంగళగిరి దగ్గరే తేలుతుంది. విజయవాడ నుంచి 13 కిలోమీటర్లు, గుంటూరు నుంచి 20 పైచిలుకు. రెండు ఊళ్ల నుంచీ బస్సు ఉంది, రైలూ ఉంది. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు సాయంత్రం దాకా తిరిగి రాత్రి బండి పట్టుకోవచ్చు. బడి రోజుల్లో మనల్ని ఎక్స్‌కర్షన్ తీసుకెళ్లిందీ ఈ దారినే: కొండ, పానకం, గాలిగోపురం, చెట్టు కింద పులిహోర పొట్లాలు, తర్వాత ఉండవల్లి గుహలు. అప్పుడు టైము సంగతి మేస్టార్లు చూసుకునేవాళ్లు. ఇప్పుడు మనమే చూసుకోవాలి, దాంతోపాటు మోకాళ్ల సంగతీ చూసుకోవాలి.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ రోజు మొత్తాన్నీ నడిపేది పై గుహలోని స్వామి వేళలే. కొండ మీద పానకాల నరసింహ స్వామికి పూజలు మధ్యాహ్నం దాకానే. మూడు గంటల ప్రాంతంలో తలుపులు మూస్తారు. రాత్రిపూట దేవతలు వచ్చి అర్చిస్తారు కాబట్టి ఆ వేళ మనుషులు ఉండకూడదని నమ్మకం. సాయంత్రం చల్లబడ్డాక తీరిగ్గా ఎక్కుదామనుకుంటే మూసిన తలుపులే కనబడతాయి. మిగతా గుళ్లకు వెళ్లే అలవాటుతో చాలామంది పొరబడేది ఇక్కడే. దిగువ సన్నిధిలోని లక్ష్మీనరసింహ స్వామి గుడి సాయంత్రం మళ్లీ తెరుస్తారు. అందుకని కొండ పొద్దున, దిగువ గుడి తర్వాత. ఈ వరుస తిరగబడితే రోజు పోయినట్టే.

బయల్దేరేటప్పుడే పెద్ద ఆలస్యం టిఫిన్ దగ్గర జరుగుతుంది. ఇరవై మంది కలిసి హోటల్లో కూర్చుంటే ఇడ్లీ, దోసె, కాఫీ పూర్తయ్యేసరికి గంటన్నర దాటుతుంది. ఇడ్లీలు పార్సెల్ కట్టించుకుని బండిలోనే తినేస్తే ఏడున్నరకల్లా కొండ మొదట్లో ఉండొచ్చు. ఎనిమిదింటి లోపు ఎక్కడం మొదలుపెట్టినవాళ్లకి మెట్ల మీద ఎండ బాధ ఉండదు. చెప్పులు కింద వదిలేసి ఎక్కేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. వేసవిలో పదిన్నర దాటితే దిగేటప్పుడు రాయి కాలుతుంది, మెట్టు మెట్టుకీ గెంతుతూ దిగాల్సి వస్తుంది. డిసెంబరు, జనవరి నెలలైతే ఈ బెడద తక్కువ.

ఎక్కడానికి రెండు దారులు. పాతది మెట్ల దారి. 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు ఈ మెట్లు కట్టించారు. రెండోది ఘాట్ రోడ్డు, కార్లూ ఆటోలూ గుడి దాకా పోతాయి. బ్యాచ్‌లో గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. మొహమాటానికి పోయి అందరినీ మెట్లెక్కించకండి. రెండు జట్లుగా విడిపోండి, కానీ కలుసుకునే చోటు కిందే ఖాయం చేసుకోండి. పైన గుడి ముందు అనుకుంటే సరిపోదు. కారులో వెళ్లినవాళ్లు ముందే చేరి లైనులో నిలబడతారు, మెట్ల జట్టు వచ్చేసరికి వాళ్ల దర్శనం అయిపోతుంది, ఫొటోలో సగం మందే మిగులుతారు. పానకం టికెట్ల దగ్గర ఆగాలి, అందరూ వచ్చాకే లైనులోకి వెళ్లాలి అని ఒక్క మాట అనుకుంటే చాలు.

మెట్లెక్కేవాళ్లు కుడివైపు చూస్తూ ఎక్కాలి. శ్రీకృష్ణదేవరాయల కాలపు రాతి శాసనం అక్కడుంది. 1515లో గజపతుల చేతినుంచి కొండవీడు కోట విజయనగరం చేతికి వచ్చిన సంగతి చరిత్ర పాఠంలో అందరం బట్టీ పట్టాం. ఆ కొండవీటి విజయాన్ని చెప్పే శాసనాల్లో మంగళగిరిది ముఖ్యమైనది. ఇంకాస్త పైకి పోతే చైతన్య మహాప్రభువు పాదముద్రలని చూపిస్తారు. చాలామంది ఆయాసపడుతూ తల వంచుకుని ఎక్కేసి రెండింటినీ దాటిపోతారు. ఎలాగూ ఆగి ఊపిరి తీసుకోవాలి కదా, ఆ ఆగేదేదో ఈ రెండు చోట్లా ఆగండి.

కోతుల సంగతి విడిగా చెప్పాలి. వాటికి ప్లాస్టిక్ కవరు చప్పుడు తెలుసు, అరటిపండు రంగు తెలుసు, బెల్లం వాసన ఇంకా బాగా తెలుసు. కొబ్బరికాయలు, పళ్లు చేతిలో వేలాడేసుకుని పోతే దర్శనం కాకముందే నైవేద్యం అయిపోతుంది. అన్నీ జిప్పున్న గుడ్డ సంచిలో పెట్టి, సంచి ముందువైపు తగిలించుకోవాలి. కోతి లాక్కున్నదాన్ని తిరిగి లాక్కోబోతే కరుస్తుంది. వదిలేయడమే మేలు. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఇక అసలు సంగతి, గుహ. లోపల విగ్రహం ఉండదు. కొండరాతిలో 15 సెంటీమీటర్ల వెడల్పున తెరుచుకున్న నోరు, దాని మీద లోహపు ముఖం తొడుగు, అంతే స్వామి. పానకం బిందెకి టికెట్ తీసుకుంటే చిన్నదో పెద్దదో బిందె చేతికిస్తారు. అర్చకులు అందులోంచి పానకం తీసుకుని నోట్లో పోస్తారు. పోస్తున్నకొద్దీ గుటకలు వేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. చప్పుడు ఆగిందంటే స్వామికి చాలినట్టు. మిగిలింది ప్రసాదంగా వెనక్కిస్తారు. ఎంత బిందె పోసినా సగం తీసుకుని సగం మిగులుస్తాడన్నది తరతరాల మాట. నముచి అనే రాక్షసుణ్ణి చంపాక స్వామి ఉగ్రం చల్లారడానికి దేవతలు కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు ఇచ్చారనీ, కలియుగంలో పానకంతోనే తృప్తి పడతానని స్వామి చెప్పాడనీ స్థలపురాణం.

రోజూ ఇంత బెల్లపు నీళ్లు ఒలికే చోట చీమలు కనబడకపోవడం ఇక్కడి వింతగా చెప్పుకుంటారు. దీనికి తోడు ఇంకో మాట కూడా వినబడుతుంది: ఇదొకప్పుడు అగ్నిపర్వతమనీ, లోపలి గంధకాన్ని చల్లార్చడానికే పెద్దలు పానకం పోయించారనీ. సైన్సు పేరుతో చెబుతారు కాబట్టి నమ్మబుద్ధేస్తుంది గానీ, ఈ చుట్టుపక్కల కొండలు తూర్పు కనుమల పాత రూపాంతర శిలలు, చల్లారిన అగ్నిపర్వతాలు కావు. పురాణాన్ని పురాణంగా చెప్పుకుంటే ఏ ఇబ్బందీ లేదు. దానికి కెమిస్ట్రీ అతికించాలని చూస్తేనే తేడా వస్తుంది.

పానకం విషయంలో జట్లు ఎక్కువగా తప్పేది లెక్కలో. మనిషికో బిందె తీసుకుంటారు. ప్రసాదంగా ఒక్కొక్కరికి అరగ్లాసుకి మించి ఎవరూ తాగలేరు, పైగా మన వయసులో షుగరు ఉన్నవాళ్లు తీర్థంలా చేతిలో వేయించుకుని సరిపెట్టుకోవాల్సినవాళ్లే. కుటుంబానికి ఒకటి, ఒంటరిగా వచ్చినవాళ్లు నలుగురైదుగురికి ఒకటి, అది చాలు. ఎక్కువైన పానకం చివరికి మెట్ల మీద, గోడ పక్కన పారబోస్తారు. అక్కడ నేల జిగురెక్కి, తడిసినప్పుడు కాలు జారుతుంది. గుహ బయట జారిపడ్డవాళ్లలో చాలామంది జారేది దానివల్లే. లోపల్నుంచి వచ్చేటప్పుడు గోడకి దగ్గరగా, పాదం మొత్తం ఆనించి నడవాలి.

ఇంటికి తీసుకెళ్లేవాళ్లు స్టీలు క్యారియర్ గిన్నెగానీ మూత గట్టిగా ఉండే స్టీలు సీసాగానీ వెంట తెచ్చుకోవాలి. అక్కడే కొన్న నీళ్ల సీసాలో పోసుకుని మూత బిగించి కారు డిక్కీలో పడేస్తే, ఎండకి బెల్లపు నీళ్లు పులవడం మొదలవుతుంది. రాత్రి మూత తీయగానే బుస్సుమని పొంగి బట్టల మీద పడుతుంది. ఏ సీసా అయినా పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి, నీడన పెట్టాలి, ఇంటికి చేరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, మర్నాటికల్లా పంచేయాలి. విదేశాల్లో ఉన్న మన బ్యాచ్ వాళ్లకి పానకం మోసుకెళ్లే ఆశ వద్దు. కావాలంటే అక్కడే చేసుకోవచ్చు: లీటరు నీళ్లకి 150 నుంచి 200 గ్రాముల బెల్లం తరుగు, అరచెంచా మిరియాల పొడి, అరచెంచా యాలకుల పొడి, చిటికెడు శొంఠి. బెల్లం కరిగాక ముందు గుడ్డలో వడకట్టాలి, పొడులు ఆ తర్వాత కలపాలి. ముందే కలిపితే మిరియం, యాలకులు సగం గుడ్డలోనే ఉండిపోతాయి. ఈ నీళ్లు కాచకూడదు. కాస్తే పానకం పోయి పలచని పాకం అవుతుంది.

దర్శనం అయ్యాక చాలామంది అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతారు. గుడి వెనక రాజ్యలక్ష్మి అమ్మవారి సన్నిధి ఉంది, దానికి పడమటి పక్కన ఒక బిలం. ఇందులోంచి ఉండవల్లి దాకా సొరంగం ఉందనీ, ఋషులు ఈ దారిన కృష్ణకి స్నానానికి పోయేవారనీ చెబుతారు. ఇప్పుడక్కడ కనబడేది చీకటే, దూరి చూడాలన్న ఉత్సాహం వద్దు. ఇంకా ఓపికున్నవాళ్లు శిఖరం మీది గండాలయం దాకా పోవచ్చు. అక్కడా విగ్రహం లేదు, దీపమే దైవం. గండాలు గట్టెక్కాలని మొక్కుకున్నవాళ్లు నూనో నెయ్యో సమర్పిస్తారు. పది దాటితే మాత్రం ఈ ఎక్కుడు మానుకోవడం మంచిది. నీడ లేదు, కిందివాళ్లు మీకోసం ఎదురుచూస్తుంటారు.

కిందికి వచ్చాక గాలిగోపురం. 11 అంతస్తులు, 153 అడుగులు. 1807, 1809 మధ్య రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కట్టించాడు. అమరావతిని రాజధాని చేసుకున్న జమీందారు ఈయనే. కట్టాక గోపురం ఒరిగిందనీ, ఎదురుగా కోనేరు తవ్విస్తే నిటారుగా నిలిచిందనీ ఊళ్లో చెబుతారు. పాదాల దగ్గర నిలబడి ఫొటో తీస్తే రాతి పునాదే పడుతుంది, గోపురం పడదు. తూర్పు వీధిలో వెనక్కి వెనక్కి నడిచి తీయాలి. పొద్దుటి వెలుగు ఆ ముఖం మీదే పడుతుంది కాబట్టి, వీలైతే కొండెక్కే ముందే ఈ ఫొటో ముగించండి. మధ్యాహ్నమైతే శిల్పాలన్నీ నల్లగా వస్తాయి.

ఫాల్గుణ పౌర్ణమికి రథోత్సవం, ముందు రోజు చతుర్దశి నాడు కల్యాణం. తిరనాళ్ల ఇష్టమున్నవాళ్లు ఇంటిల్లిపాదీ అప్పుడు రండి, పాతికేళ్ల తర్వాత కలుస్తున్న స్నేహితులు మాత్రం అప్పుడు రావద్దు. ఆ జనంలో పక్కవాడితో మాట్లాడటం కూడా కుదరదు. ముక్కోటి ఏకాదశికీ ఇదే మాట.

భోజనాలయ్యాక ఆడవాళ్లు (మగవాళ్లూ తక్కువేం కాదు) చీరల దుకాణాలకి బయల్దేరతారు. దీనికి గంట కేటాయించండి, రెండు గంటలు పడుతుందని ముందే అనుకోండి. మంగళగిరి నేతలో ఒంటి మీద బుటాలుండవు, అందమంతా జరీ అంచులో, ముఖ్యంగా నిజాం అంచులో ఉంటుంది. చేనేతా మరనేతా అని తేల్చుకోవాలంటే చీర అంచుల చివర వెలుగుకెత్తి చూడండి. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా బిగబట్టే పుల్లకి రెండు కొసలా ములుకులు ఉంటాయి. అవి గుచ్చుకున్న సన్నని బెజ్జాలు అంచు పొడవునా కనబడతాయి. ఎడం అక్కడక్కడా ఒకటిగా ఉండదు, ఎందుకంటే నేతగాడు ఆ పుల్లని చేత్తో జరుపుకుంటూ పోతాడు. పోగు ఎక్కడా తేడా లేకుండా అచ్చు గుద్దినట్టుంటే, ధర మరీ తక్కువగా చెబితే, అనుమానించాల్సిందే.

మూడున్నరకి అక్కణ్ణుంచి కదిలితేనే ఉండవల్లి. ఇవి కొండని తొలిచి కట్టిన నాలుగంతస్తుల గుహలు, విష్ణుకుండినుల కాలంవని చెబుతారు. లోపల శయనించిన అనంతపద్మనాభ స్వామి నిలువెత్తు మనిషికి మూడింతలు పొడవు. ఆయన దగ్గర చీకటిగా ఉంటుంది, ఫోను లైటు వేసుకుని కాళ్ల వైపు నుంచి తల వైపు మెల్లగా నడుస్తూ చూడాలి. ఒకేచోట నిలబడితే మొత్తం కంటికి ఆనదు. ఇది పురావస్తు శాఖ ఆధీనంలో ఉంది. సాయంత్రానికి గేటు మూసేస్తారు, కాబట్టి టికెట్ నాలుగున్నర లోపు తీసుకోవాలి. మెట్లు ఎగుడుదిగుడు, పై అంతస్తులో పిట్టగోడ అన్నిచోట్లా లేదు. మనవలతో వచ్చినవాళ్లు చెయ్యి వదలకండి.

విజయవాడ రైలు పట్టుకునేవాళ్లు ఉండవల్లి నుంచి నేరుగా ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్లిపోవచ్చు, మళ్లీ మంగళగిరి రానక్కర్లేదు. సాయంత్రం ఆరు తర్వాత బ్యారేజీ మీద బండ్లు బారులు తీరతాయి. ఏడింటి రైలున్నవాళ్లు ఐదుకే వీడ్కోలు చెప్పి బయల్దేరాలి. గుంటూరు వైపు పోయేవాళ్లకి ఆ తొందర లేదు.