బస్సు బోర్డుల మీద దిద్దుకున్న తమిళం

మా చిత్తూరులో తమిళం రాని మనిషి దొరకడం కష్టం. మార్కెట్లో బేరమాడతాం, అవసరమైతే తిట్టుకుంటాం కూడా. నేనూ గడగడా మాట్లాడతాను. కానీ వేలూరు రోడ్డులో నరహరిపేట దాటి క్రిస్టియన్‌పేట చెక్‌పోస్టు వచ్చిందంటే చాలు, నేను వేలిముద్రగాణ్ణే. బోర్డులన్నీ తమిళంలో ఉంటాయి మరి.

రెండేళ్ల కిందట అమ్మ కంటి ఆపరేషన్ కోసం వేలూరుకు తిరగాల్సి వచ్చింది. ఒకరోజు తిరుగు ప్రయాణంలో హడావిడిగా ఏదో బస్సెక్కేశాం. టికెట్ తీసుకోబోతే అది గుడియాత్తం బస్సని తేలింది. కంటికి కట్టుతో ఉన్న మనిషిని మిట్టమధ్యాహ్నం నడిరోడ్డులో దించాను. బస్సు నుదుటి మీద ఊరి పేరు బారెడు రాసే ఉంది. అమ్మ ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది.

బస్టాండు దగ్గర, ముప్పై రోజుల్లో తమిళం నేర్పిస్తానని అట్ట మీద రాసున్న చిన్న పుస్తకం కొన్నాను. మొదటి పేజీలోనే బెదరగొట్టింది. అచ్చులు 12, హల్లులు 18, గుణింతాలు 216, ఆయ్దం అని ఇంకొకటి, మొత్తం 247. తీరా దిగితే లోతేమీ లేదు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. వత్తులు లేవు. జంట అక్షరం వస్తే పక్కపక్కనే రాసి, మొదటిదాని నెత్తిన చుక్క పెడతారు. మన పొల్లు చేసే పనే ఆ చుక్కది. ట అచ్చం ఇంగ్లీషు ఎల్‌లా ఉంటుంది. ప చూస్తే మూత లేని డబ్బా.

నెల గడిచినా ఒక్క బోర్డూ చదవలేకపోయాను. ఎందుకో అర్థం కావడానికి ఇంకో పది రోజులు పట్టింది. పుస్తకంలో ప్రతి తమిళ మాట కిందా తెలుగులో రాసుంది. నా కన్ను నేరుగా అక్కడికే జారుతోంది. అంటే నెలంతా నేను చదివింది తెలుగే! పాత పెళ్లిపత్రిక అట్ట కత్తిరించి ఆ తెలుగు వరుసను కప్పేశాను. నాకు అక్షరాభ్యాసం జరిగింది ఆ రోజే.

బస్సే బడి అయింది. కిటికీ సీటు అమ్మకివ్వకుండా నేనే కూర్చునేవాణ్ణి (కొడుకు చేయాల్సిన పని కాదు, తెలుసు). మందుల షాపులు, సిమెంటు ప్రకటనలు, పార్టీల గోడ రాతలు. అన్నిట్లోకీ గోడ రాతలే మేలు. అక్షరాలు పెద్దవి, నాయకుల పేర్లు ముందే తెలిసినవి. నేను కూడబలుక్కుని మొత్తం చదివిన మొదటి మాట మా ఊరి పేరే, ఎదురొస్తున్న బస్సు మీద. సి... త్... తూ... ర్.

ఏడిపించింది మాత్రం ఆ 'ఒకటే అక్షరం' వ్యవహారం. ఎక్కడ ప అనాలి, ఎక్కడ బ అనాలి? పుస్తకంలో ఒక్క ముక్క లేదు. నోటికి వచ్చిన మాటలన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. 'పాల్'లో మాట మొదట ఉంది, ప. 'అప్పా'లో జంటగా ఉంది, అప్పుడూ ప. 'తంబి'లో మ్ తర్వాత వచ్చి బ అయింది. 'మంజళ్'లో చ కూడా అలాగే జ అయింది. రెండు అచ్చుల నడుమ ఒంటరిగా చిక్కినా మెత్తబడుతుంది. మా అవ్వ తిరుపతిని 'తిరుప్పది' అనేది ఇందుకా అనిపించింది. జంట ప గట్టిగానే ఉంది, ఒంటరి త మెత్తబడి ద అయింది. గురువుంటే ఐదు నిమిషాల్లో చెప్పేవాడు, నాకు మూడు వారాలు పట్టింది. సంబరపడేలోపే 'బస్' అడ్డం తిరిగింది. ప అక్షరంతో మొదలై కూడా బ అనే పలకాలి. అరువు మాటలు ఈ లెక్కకు లొంగవు.

దిద్దేవాళ్లు లేకపోతే తప్పు ముదురుతుంది. మా నోళ్లలో 'పళం' కాబట్టి ళ పెట్టి రెండు నెలలు రాశాను. పక్క సీట్లోని స్కూలు పిల్ల నా బుక్కులోకి తొంగిచూసి కిసుక్కున నవ్వి, పెన్ను తీసుకుని కొట్టేసింది. అక్కడ ఉండాల్సింది నాలుక వెనక్కి మడిచి పలికే ఇంకో అక్షరం. పాత తెలుగు శాసనాల్లో మనకూ ఉండేదట, పోగొట్టుకున్నాం.

ఇంకో దెబ్బ ఎదురింటి పెద్దావిడ భక్తి పుస్తకంతో తగిలింది. అందులో లై, నై లాంటి అక్షరాలకు ఏనుగు తొండంలా వంకర ఉంది. నా పుస్తకంలో అలాంటిది లేనే లేదు. 1978లో ఎంజీఆర్ ప్రభుత్వం కొన్ని అక్షరాల రూపం మార్చిందని, పెరియార్ అంతకు చాలా ముందే తన పత్రికలో ఆ కొత్త రూపాలు వాడారని తర్వాత తెలిసింది.

పేపరు మాత్రం ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. నాకొచ్చింది 'పోరేన్' అనే నోటి తమిళం, అచ్చులో ఉండేది 'పోగిరేన్'. ఆసుపత్రి చీటీలు, మందుల వేళలు చదివేస్తాను.

ఆఖరి చెకప్ అయ్యాక వేలూరు బస్టాండులో నిలబడ్డాం.

"ఆ బోర్డులో ఏమి రాసిండారు నాయనా?" అంది అమ్మ.

"సిత్తూర్ అని మా."

"సరే, ఎక్కే ముందర కండక్టర్ని ఒక మాట అడుగు."

అడిగాను.