లొరగే మట్టిదారుల్లో మా పిల్లలు

ఫ్రాన్స్‌లో తులూజ్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న లొరగే పల్లెల్లో ఏ ఊరి శ్మశానంలో కొళాయి ధారగా వస్తుందో మా అమ్మాయికి కంఠతా వచ్చు. ఈ సంగతి మా అమ్మకి చాలాకాలం మింగుడుపడలేదు. ఈ దేశంలో ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న నాకు మాత్రం ఇంతకంటే ధైర్యమిచ్చిన విషయం ఇంకోటి లేదు.

మాది కోనసీమ, లొల్ల లాకులకి దగ్గర్లో ఒక ఊరు. హైస్కూలుకి కాలవ గట్టు మీదే సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేదాన్ని. వానాకాలం ఏ వంతెన దగ్గర గట్టు జారుతుందో, ఎవరి దొడ్లో మామిడికొమ్మ దారి మీదకి వంగుతుందో, ఎండల్లో కాలవ ఎప్పుడు కట్టేస్తారో ఒకరు చెప్పక్కర్లేకుండానే తెలిసేది. ఉద్యోగాల మీద తులూజ్ వచ్చి పిల్లలు పుట్టాక, తెలుగు ఎక్కడ మర్చిపోతారో అని అందరూ నన్ను భయపెట్టారు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, ఉగాది పచ్చడి చేస్తాం, శనివారం తెలుగు బడి ఉంది, కాబట్టి ఆ భయం నాకు పెద్దగా పట్టలేదు. నన్ను కుదిపింది వేరే సంగతి. అపార్ట్‌మెంటు, బడి, మెట్రో, కారు, వేసవిలో ఊరెళ్తే చుట్టాల ఇళ్ళు. పిల్లలు రెండు దేశాల గురించి బాగానే చెప్పగలరు గాని, కళ్ళు మూసుకుని వెళ్ళిపోగలిగే దారి ఏ దేశంలోనూ వాళ్ళకి ఒక్కటీ లేదు.

గ్రావెల్ సైకిళ్ళు మా ఇంట్లోకి రావడానికి కారణం అదే. చూడ్డానికి రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిలు ఉంటుంది గాని, టైర్లు నలభై మిల్లీమీటర్లకి అటూ ఇటూ వెడల్పుగా, గాళ్ళు పడ్డ రబ్బరుతో ఉంటాయి. గాలి కొంచెం తగ్గించి కొడితే కంకర మీదా, ఎండిన మట్టి మీదా, పొలాల మధ్య ట్రాక్టర్ దారుల్లోనూ జారకుండా వెళ్తాయి. ఫ్రాన్స్ పల్లెల్లో ఇలాంటి దారులకి లోటు లేదు. నడిచేవాళ్ళ కోసం చెట్ల మీదా రాళ్ళ మీదా పెద్ద దారులకి తెలుపూ ఎరుపూ గీతలు, చిన్న దారులకి పసుపు గీత వేసి ఉంటాయి. ఫ్రాన్స్ ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ వాళ్ళ 1:25,000 పటంలో ఏ బాట ఎక్కడ తెగిపోతుందో కూడా కనిపిస్తుంది. మా అబ్బాయి ఫోన్ చూడటం మానేసి ఆ కాగితం పటం పట్టుకుంటాడు.

మొదట పిల్లల్ని తీసుకెళ్ళింది రిగోల్ ద లా ప్లెన్ గట్టు మీదకి. రిగోల్ అంటే మన పిల్లకాలవ లాంటిది. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం వైపు సేత్ దాకా దాదాపు 240 కిలోమీటర్లు సాగే కనాల్ ద్యు మిది అనే పెద్ద కాలవకి నీళ్ళు మోసుకొచ్చేది ఇదే. బేజియేలో పుట్టి, ఉప్పు పన్ను వసూలు చేసే ఉద్యోగంలో ఉన్న పియెర్ పోల్ రికే అనే ఆయన ఈ కాలవ తవ్వించాడు. 1666లో ఫ్రాన్స్ రాజు పధ్నాలుగో లూయీ అనుమతి వచ్చింది. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో పన్నెండు వేలమంది దాకా తవ్వారు, అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. 1681లో కాలవ తెరిచే నాటికి రికే లేడు, అంతకు ముందు ఏడాదే పోయాడు.

కాలవ తవ్వడం కంటే నీళ్ళు తేవడమే అసలు చిక్కు. అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల మధ్య కాలవ దారిలో ఎత్తైన చోటు నొరూజ్, సముద్రమట్టానికి 189 మీటర్లు. అక్కడికి నీళ్ళొస్తే సగం పడమటికి, సగం తూర్పుకి వాటంతట అవే పారతాయి. కానీ అక్కడ నదీ లేదు, చెరువూ లేదు. అందుకని మోంతాన్య్ నువార్ కొండల్లో వాగుల్ని ఒడిసిపట్టి, సాన్ ఫెరెయోల్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టి, వాలు తప్పకుండా కొండ చుట్టూ పొలాల చుట్టూ తిప్పుతూ నొరూజ్ దాకా ఈ పిల్లకాలవ తీశారు. అది తిరిగినట్టల్లా దాని గట్టూ తిరుగుతుంది. అందుకే పిల్లలకి ఇంతకంటే మంచి సైకిల్ దారి ఉండదు. ఎత్తు లేదు, కారు లేదు, ఓక్ చెట్ల నీడ ఉంది, పక్కన నీళ్ళు కదులుతున్నాయా లేదా అన్నంత నెమ్మదిగా పారుతుంటాయి.

నొరూజ్ చేరాక మా అబ్బాయి రెండు ఎండుటాకులు నీళ్ళలో వేసి, ఒకటి అట్లాంటిక్‌కి, ఒకటి మధ్యధరాకి వెళ్ళాలని చాలాసేపు కాపలా కాశాడు. రెండూ ఒకే వైపు పోయాయి. "మళ్ళీ వస్తాం" అని ఆకులకి చెప్పి సైకిలెక్కాడు. దారంతా వాడికి ధవళేశ్వరం గురించి చెప్పాను. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట, దాని కింద మా కాలవలు, లాకుల్లో నీళ్ళు ఎక్కించి దించి పడవల్ని దాటించడం, అన్నీ. ఇక్కడి లాకులు కళ్ళారా చూసినవాడు కాబట్టి ఒక్క ముక్కా విడమరిచి చెప్పాల్సిన పని రాలేదు. "తలుపులు కర్రవా ఇనపవా?" అని అడిగాడు. ఇంట్లో కూర్చోబెట్టి మా ఊరి కథలు చెప్తే ఎప్పుడూ అలాంటి ప్రశ్న వేయలేదు.

శ్మశానం కొళాయి సంగతికి వస్తాను. ఫ్రాన్స్ పల్లెల్లో మధ్యాహ్నం పన్నెండు దాటితే కొట్లు మూసేస్తారు, చాలా ఊళ్ళలో అసలు కొట్టే ఉండదు. నీళ్ళయిపోతే సైకిల్ వాళ్ళకి దిక్కు శ్మశానమే. చర్చి పక్కనో ఊరి చివరో గోడ కట్టి, ఇనప గేటు పెట్టి ఉంటుంది. సమాధుల మీద పూలకుండీలకి పోయడానికని గేటు దగ్గర కొళాయి, పక్కనే డబ్బాలు. తాగకూడదని బోర్డు ఉంటే ముట్టుకోం. బోర్డు లేకపోతే ఎవరైనా కనిపించినప్పుడు అడిగి పట్టుకుంటాం.

అమ్మ తులూజ్ వచ్చినప్పుడు ఈ మాట విని అదిరిపడింది. "ఏవే, శ్మశానంలో నీళ్ళు పిల్లలకి పట్టిస్తున్నావా? గేటు దాటితేనే తలస్నానం చెయ్యాలి కదే!" అంది. పిల్లలు ఎదురు చెప్పలేదు. వాళ్ళే ఆలోచించుకుని, ఇంటికి రాగానే గుమ్మం బయట కాళ్ళు కడుక్కుని, "అయింది అమ్మమ్మా, ఇప్పుడు రావచ్చా?" అని అడగడం మొదలుపెట్టారు. అమ్మ వెళ్ళిపోయాక కూడా ఆ అలవాటు మానలేదు. నేను నేర్పినదైతే ఎప్పుడో మానేసేవాళ్ళు.

ఒక ఆదివారం మా ఆయన అమ్మని కారులో తీసుకొచ్చి, రెవెల్‌కి దగ్గర్లో ఒక ఊళ్ళో మమ్మల్ని కలుసుకున్నారు. అమ్మాయి సీసాలు నింపుతోంది. లోపల ఒక పెద్దావిడ చామంతులకి నీళ్ళు పోస్తోంది. అమ్మ గేటు బయటే నిలబడింది. ఆవిడ చూసి బోంజూర్ చెప్పింది. అమ్మ దణ్ణం పెట్టి, మనవరాలితో, "ఎవరి సమాధో అడుగు" అంది. భర్తదట. "పోయి ఎన్నేళ్ళయిందో అడుగు." ఆవిడ చెప్పింది, మా నాన్న సంగతి అమ్మ చెప్పింది. ఇద్దరి మధ్యా మా అమ్మాయి సీసా పట్టుకుని నిలబడి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్తోంది. పిల్లలెంతమంది, దగ్గరున్నారా, రాత్రిళ్ళు నిద్ర పడుతుందా? ఏ తెలుగు బడిలోనూ ఎవరూ దానికి నేర్పని మాటలు. ఎక్కడా తడబడలేదు. చివరికి అమ్మ చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళి, ఆవిడ చేతిలో డబ్బా అందుకుని రెండు కుండీలకి నీళ్ళు పోసింది.

ఈ నేల మీద తేలిగ్గా తేలని ప్రశ్నలూ ఉన్నాయి. పదిహేను, పదహారు శతాబ్దాల్లో లొరగే అంతా పాస్తెల్ పంట. ఆకులు నూరి ఉండలు చేసి ఆరబెట్టి నీలిరంగు తీసేవాళ్ళు. తులూజ్‌లో అసేజా భవనం లాంటివి ఆ వ్యాపారం డబ్బుతో లేచినవే. తర్వాత మన దేశం నుంచి ఓడల్లో నీలిమందు వచ్చింది. రెండిట్లోనూ రంగు పదార్థం ఒకటే, కానీ నీలిమందులో ఎన్నో రెట్లు ఎక్కువ. క్యాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య ఇక్కడ జరిగిన మతయుద్ధాలు కూడా తోడై ఇక్కడి పంట కూలిపోయింది. సాన్ ఫెలిక్స్ అనే కొండ మీది ఊరికి ఎత్తు ఎక్కుతూ ఈ కథ చెప్తుంటే మా అమ్మాయి, "మరి మనం ఎవరి వైపు అమ్మా?" అంది. ఒక్క మాటలో జవాబు చెప్పి ముగించడం నాకు ఇష్టం లేకపోయింది. ఇక్కడి రైతు అప్పుల పాలయ్యాడనీ, అక్కడ నీలి పండించిన రైతూ బాగుపడలేదనీ, ఓడల వాళ్ళు మాత్రం బాగుపడ్డారనీ చెప్పాను. "అయితే రైతుల వైపు" అని మా అబ్బాయి అన్నాడు. "అదేం జవాబు?" అని అది దెబ్బలాడింది. కొండ మీదికి చేరేదాకా ఇద్దరూ తెలుగులోనే వాదించుకున్నారు, మధ్యలో ఆయాసం వస్తే ఫ్రెంచ్‌లో.

పిల్లలతో బయల్దేరేవాళ్ళకి నాలుగు మాటలు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ 2017 నుంచి చట్టం, మీరూ పెట్టుకోండి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ముఖ్యంగా వేట కాలం. అడవి దారిలో వేట బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి, మెరిసే చొక్కా ఎప్పుడూ వేసుకోండి. ఆగ్నేయం నుంచి ఓతాన్ గాలి రోజుల తరబడి వీస్తుంది, ఎదురుపడితే పెద్దవాళ్ళకే కన్నీళ్ళొస్తాయి. అలాంటి రోజు పిల్లల్ని తీసుకెళ్ళకండి, సైకిలంటేనే విసుగు పుడుతుంది. తులూజ్ నుంచి పెద్ద కాలవ పక్కన మొదటి యాభై కిలోమీటర్లూ తారు దారి, ఆ తర్వాత ఓద్ జిల్లాలో మట్టి మొదలవుతుంది. చిన్నపిల్లలకి ల సెగాలా నుంచి నొరూజ్ వెళ్ళి రావడం చాలు. ప్లేన్ చెట్లు కొట్టేసిన చోట నీడ ఉండదు. 2006లో బయటపడ్డ శిలీంధ్ర తెగులు సోకి వేల చెట్లు తీసేయాల్సి వచ్చింది. మళ్ళీ నాటిన మొక్కలు ఇంకా చిన్నవే.

ఆదివారాలు సైకిళ్ళెక్కితే తెలుగువాళ్ళ భోజనాలకి కొన్నిసార్లు రాలేకపోతున్నామని స్నేహితులు నొచ్చుకుంటారు. వాళ్ళ పిల్లల్ని కూడా మాతో పంపమని అడుగుతున్నాను, ఇద్దరు ముగ్గురు పంపుతున్నారు. వచ్చే వేసవికి అమలాపురం నుంచి మా అన్నయ్య కొడుకు వస్తున్నాడు. వాడిని కొండ మీద ఉన్న ఇంకో రిగోల్ గట్టున లే కమ్మాజ్ అనే ఊరి దాకా తీసుకెళ్ళాలనీ, కొండ కింద నీళ్ళు దూరే సొరంగం చూపించాలనీ మావాళ్ళు తేల్చేశారు. "బావకి ఇక్కడేం తెలీదు, ముందు నేను వెళ్తాను, వెనక తమ్ముడు, మధ్యలో బావ" అంటోంది మా అమ్మాయి. వాడి ఎత్తెంతో కనుక్కుని చెప్పమని అన్నయ్యకి కబురు పెట్టాం, సైకిల్ అద్దెకి తీసుకోవాలి.