సాల్స్‌బరీ: నాలుగడుగుల పునాది, నాలుగొందల అడుగుల శిఖరం

లండన్ నుంచి స్టోన్‌హెంజ్ రాళ్ల వలయానికి పోయే టూరు బస్సులు దక్షిణ ఇంగ్లండ్ ఊరు సాల్స్‌బరీలో ఆగినా మహా అయితే ఓ గంట. ఆ గంటలో జనం మాగ్నా కార్టా (రాజు అధికారానికి హద్దులు పెట్టిన 1215 నాటి పత్రం) చూసి, శిఖరం కింద ఫొటో దిగి బస్సెక్కేస్తారు. నన్నడిగితే ఈ ఊరి అసలు వింత కేథడ్రల్ (బిషప్ పీఠమున్న పెద్ద చర్చి) నేల కింద ఉంది.

శిఖరం ఎత్తు 123 మీటర్లు, అంటే 404 అడుగులు. బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తయిన చర్చి శిఖరం లేదు. దాని కింద పునాది లోతేమో నాలుగడుగులే! ఆ కింద గులకరాళ్ల పొర, అందులో నీళ్లు. అంతకుముందు కేథడ్రల్ ఊరికి ఉత్తరాన ఓల్డ్ సారమ్ గుట్ట మీద ఉండేది. నీటి కరువు, గాలి హోరు, పక్క కోటలోని సైనికులతో తగవులు పడలేక మతాధికారులు కిందికి దిగి 1220లో ఇక్కడ పని మొదలుపెట్టారు. నీళ్లు లేవని దిగివచ్చి చివరికి నీళ్ల మీదే కట్టుకున్నారన్నమాట.

1258 నాటికి ప్రధాన కట్టడం పూర్తయింది. శిఖరం సంగతి అప్పటికి లెక్కలో లేదు. పద్నాలుగో శతాబ్దం తొలి దశాబ్దాల్లో గోపురం పెంచి, దానిపై శిఖరం నిలబెట్టేసరికి కింది స్తంభాల మీద మరో 6,500 టన్నుల భారం పడి అవి వంగాయి. ఆ వంపు చూడాలంటే శిఖరం కింది మధ్యకూడలిలో నాలుగు పర్బెక్ సున్నపురాతి స్తంభాల్లో ఒకదాన్ని ఆనుకున్నంత దగ్గరగా నిలబడి, దాని అంచు వెంట చూపు పైకి పోనివ్వాలి. దూరం నుంచి చూస్తే నిటారుగానే అనిపిస్తుంది. 1668లో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ కొలిచినప్పుడు శిఖరం కొన దాదాపు 75 సెంటీమీటర్లు పక్కకు ఒరిగి ఉంది. స్తంభాల మధ్య అడ్డంగా దూర్చిన రాతి ఆర్చీలు అందం కోసం పెట్టినవి కావు, కూలకుండా పెట్టిన ఊతాలు.

నేలలో ఒక చోట చిన్న రంధ్రం ఉంది. గైడు అందులోకి కర్ర దించి, తడిసిన మేర చూపించి నీటిమట్టం చెబుతారు. గైడును అడిగితేనే ఆ ముచ్చట, లేకపోతే దాని మీదుగా నడిచి వెళ్లిపోతారు.

మన రామప్ప గుడి 1213 నాటిది, అంటే దాదాపు ఈ కాలానిదే. అక్కడ మెత్తటి నేల మీద ఇసుక పునాది వేసి, విమానానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడి బరువు తగ్గించారు. ఇక్కడివాళ్లు ముందు గుడి కట్టేసి, బరువు తర్వాత ఎక్కించారు. రామప్పలోనూ నేల కుంగిందిలెండి.

గోపురం ఎక్కించే టవర్ టూరుకు టికెట్టు విడిగా కొనాలి, ధర మంటెక్కించేలా ఉంటుంది. అయినా డబ్బు పెట్టాల్సింది దానికే. 332 మెట్లు, కొన్నిచోట్ల ఒక్క మనిషి పట్టేంత ఇరుకు సుడిమెట్లు. గంటన్నర పైనే పడుతుంది. చిన్న గుంపులుగా పంపుతారు కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ ఆశ వదులుకోవడం మంచిది. శిఖరం మొదట్లో నిలబడి పైకి చూస్తే మధ్యయుగాల కొయ్య పరంజా కనిపిస్తుంది. కట్టడం అయ్యాక దాన్ని విప్పకుండా లోపలే వదిలేశారు.

మాగ్నా కార్టా చూడ్డానికి వేరే టికెట్టు అక్కర్లేదు. 1215 నాటి ప్రతులు నాలుగే మిగిలాయి, ఇది వాటిలో బాగా నిలిచినది. గొర్రెతోలు మీద చీమల బారులాంటి లాటిన్, ఫొటోలు తీయనివ్వరు. రద్దీ ఉంటే తల ఎత్తి ఆ పత్రం ఉంచిన గది గోడల చుట్టూ చెక్కిన అరవై బైబిలు ఘట్టాలు చూడండి, వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. కేథడ్రల్‌లోనే ఉన్న, డయలే లేని ఇనుప గడియారం 1386 నాటిదని చెబుతారు. గంట కొట్టడమే దాని పని.

లండన్ వాటర్లూ నుంచి రైలు గంటన్నర. పొద్దున రద్దీవేళ టికెట్టు కొంటే జేబు ఖాళీ. రద్దీ తగ్గాక బయలుదేరాలి. ముగ్గురు కలిసి వెళితే గ్రూప్‌సేవ్ కింద మూడోవంతు తగ్గుతుంది. స్టేషన్ నుంచి కేథడ్రల్‌కు పావుగంట నడక. మంగళ, శనివారాల్లో సంత ఉంటుంది, భోజనం అక్కడైతే చవక. కేథడ్రల్ రెస్టారెంటులో సూపు ధర చూస్తే ఆకలి చచ్చిపోతుంది. కాకపోతే అద్దాల పైకప్పులోంచి శిఖరం కనబడుతుంది, ఆ బిల్లులో సగం దానికే అనుకోవాలి. కేథడ్రల్ టికెట్టు దండగ అనుకునేవాళ్లు సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్లొచ్చు, ఉచితం. వేళ మాత్రం ముందే చూసుకోవాలి, మధ్యలో లేచి తిరగకూడదు.

శిఖరం మొత్తం ఒక్క చూపులో కావాలంటే క్వీన్ ఎలిజబెత్ గార్డెన్స్ నుంచి హార్న్‌హమ్ వైపు పోయే టౌన్ పాత్ పట్టాలి. రెండు పక్కలా నీరు పారించే పచ్చికబయళ్లు. వానాకాలమైనా చలికాలమైనా బురద తప్పదు. ఒక్కోసారి నీళ్లు దారి మీదికే వస్తాయి. బూట్లు లేకపోతే గార్డెన్స్ చివర నిలబడి చూసి వెనక్కి తిరగండి.