ఇగ్బో సర్వనామాలకు తెలుగే దగ్గరి దారి

అమ్మ తెలుగు, నాన్న నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బో, బడి ఇంగ్లీషు. ఇలాంటి ఇంట్లో పిల్లలకు ఇగ్బో నేర్పాలంటే ఇంగ్లీషు మాటలతో పోల్చి వివరించడం తేలికనిపిస్తుంది. సర్వనామాల దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలుగే బాగా పనికొస్తుంది.

ముందు అచ్చుల సంగతి. 1961 నాటి ఒన్వు లిపి (ఇగ్బోను రోమన్ అక్షరాల్లో రాసే ప్రామాణిక పద్ధతి) ప్రకారం ఇగ్బోకు ఎనిమిది అచ్చులు. వాటిలో కొన్నింటికి కింద చుక్క ఉంటుంది. చుక్క లేనివాటిని ఇక్కడ ఈ, ఓ, ఊ అనీ, చుక్క ఉన్నవాటిని ఇ, ఒ, ఉ అనీ రాస్తున్నాం. తేడా నిడివిలో లేదు, బిగువులో ఉంది. చుక్క ఉన్నవి వదులుగా వినిపిస్తాయి. ఎ చుక్క లేని జట్టుది, అ చుక్క ఉన్న జట్టుది.

మొదట రూపం మారని వాటితో మొదలుపెట్టండి. మ్ (నా, నన్ను), గి (నీ, నిన్ను), య (అతని, ఆమె, దాని). ఇవి నామం తర్వాత వస్తాయి: అక మ్ నా చెయ్యి, అక గి నీ చెయ్యి, అక య అతని చెయ్యి. స్నానం చేయించేటప్పుడు ఒంటి భాగాలు చూపిస్తూ రోజూ చెప్పిస్తే చాలు. బహువచనంలో అన్యి (మన, మా), ఊనూ (మీ), హ (వాళ్ల). మనం, మేము అనే తేడా లేదు, రెండింటికీ అన్యి ఒక్కటే.

కర్తగా వాడేటప్పుడే చిక్కు. నువ్వు అనడానికి ఇ లేదా ఈ, అతను, ఆమె, అది అనడానికి ఒ లేదా ఓ. ఏది రావాలో పక్కనున్న క్రియలోని అచ్చు తేలుస్తుంది. "తిన్నాడు" అంటే ఓ రీరీ న్రీ (న్రీ అంటే తిండి), "వచ్చాడు" అంటే ఒ బియర. పిల్లలు ఎక్కువగా తప్పేది "తింటున్నాడు" దగ్గర. క్రియ "తినడం" కదా అని ఓ అంటారు. కానీ సర్వనామం పక్కన ఉన్నది, పని జరుగుతోందని చెప్పే న, అందులో ఉన్నది అ. కాబట్టి ఒ న-ఎరీ న్రీ.

తెలుగు పిల్లలు చేసే ఇంకో తప్పు సర్వనామాన్ని వదిలేయడం. "వచ్చాడు" అంటే ఎవరో మనకు తెలిసిపోతుంది, ఎందుకంటే క్రియాంతమే చెబుతుంది. ఇగ్బోలో బియర అందరికీ ఒకటే. "నేను వచ్చాను" అనడానికి అబియర మ్. క్రియ తర్వాత మ్, ముందు అ. చుక్క లేని క్రియకైతే ముందు ఎ: ఎరీరీ మ్ న్రీ. "వచ్చాను"లో చివరి "ను" లాంటిదే ఆ మ్ అని చెబితే పిల్లలకు అందుతుంది.

లింగభేదం లేదు. నాన్నకూ అక్కకూ కుక్కకూ ఒ ఒకటే. ఎవరో తేలాల్సినచోట పేరు చెప్పడమే పద్ధతి. "ఆమె వచ్చింది, కుక్క వచ్చింది" అంటూ క్రియను మార్చకుండా వాడే తెలుగు పిల్లలకు ఇది వింతగా తోచదు.

అన్నిటికంటే అందమైన సంగతి య దగ్గరుంది. "ఆమె వచ్చింది" అనడానికి య బియర అనకూడదు, ఒ బియర అనాలి. అయితే ఒకరి మాటను మరొకరు చెప్పేటప్పుడు య కర్తగా వస్తుంది. ఒ సిరి న య గ-అబియ అంటే తాను వస్తానని చెప్పాడు. ఒ సిరి న ఒ గ-అబియ అంటే వేరే ఎవరో వస్తారని చెప్పాడు. ఇంగ్లీషు సర్వనామం ఒక్కటే రెండు అర్థాలకూ సరిపోతుంది, అందుకే దాని మీదుగా నేర్చుకున్న పిల్లలు ఈ తేడాను పోగొట్టుకుంటారు. మనకు "తాను" ఉంది. "తాను వస్తానన్నాడు", "వాడు వస్తాడన్నాడు" రెండూ పక్కపక్కన పలికించి, వెంటనే ఇగ్బో జంటను పలికించండి.

ప్రశ్నకు తెలుగులా చివర "ఆ" చేర్చడం గానీ, ఇంగ్లీషులా వాక్యం చివర గొంతు లేపడం గానీ పనిచేయదు. కర్త సర్వనామాన్ని కింది స్థాయిలో పలకాలి. కర్త పేరైతే దాని తర్వాత మళ్లీ సర్వనామం పెట్టాలి: ఆడ, ఒ బియర? (ఆడ అనేది ఇగ్బో అమ్మాయి పేరు; "ఆడ వచ్చిందా?" అని అర్థం.) ఆ ఒ కిందికి దిగకపోతే ప్రశ్న ప్రశ్నలా వినిపించదు.

"మీరు" కోసం వెతకొద్దు. ఊనూ బహువచనమే గానీ మర్యాద కాదు. నైజీరియాలోనే మరో భాష యోరుబాలో మర్యాదకు బహువచనం వాడతారు, యోరుబా వినిపించే లాగోస్ నగరంలో పెరిగే పిల్లలు అక్కడ విని ఇక్కడ కలపవచ్చు. ఇగ్బోలో మర్యాద పిలుపులో ఉంటుంది: పెద్దవాళ్లను ఉత్త పేరుతో పిలవకూడదు. నాన్నమ్మను మామా న్నూక్వూ అని పిలిచాక, ఈ అని ఏకవచనంలో అడిగినా తప్పులేదు. ఫోన్‌లో ఆవిడ కనిపించగానే పిల్లలు అడగాల్సింది ఇది, మొదటి ఈ కింది స్వరంలో: మామా న్నూక్వూ, ఈ రియెలా న్రీ? భోంచేశారా, నాన్నమ్మా?