ప్రీయాంప్ కొనే ముందు ఒకసారి యాంటెన్నా పీకి చూడండి

మా ఊరు కావలికి తూర్పున, సముద్రం వైపు. నాకు హామ్ రేడియో, అంటే ఔత్సాహిక రేడియో సరదా. రెండేళ్ల కిందట సరుగుడు తోట గట్టు వెంబడి 170 మీటర్ల తీగ లాగి, 160 మీటర్ల బ్యాండ్‌లో (1800–2000 కిలోహెర్ట్జ్) యూరప్ స్టేషన్లు వినడానికి వాయవ్యం వైపు బెవరేజ్ (నేలకి దగ్గరగా లాగే పొడవాటి తీగ యాంటెన్నా) వేశాను. మామూలు వర్టికల్‌తో (నిలువు యాంటెన్నాతో) పోలిస్తే దాని మీద ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) లేవనే లేవదు, దాంతో ఆగలేక ప్రీయాంప్ (రిసీవర్‌కి ముందే సిగ్నల్ పెంచే పరికరం) తెప్పించి పెట్టేశా. మీటర్ లేచింది, నాకు ఒకటే సంబరం. కానీ నిన్న వినపడని స్టేషన్ ఇవాళ కూడా వినపడలేదు, సిగ్నల్‌తో పాటు నాయిస్ కూడా అంతే పెరిగింది మరి!

లో బ్యాండ్లలో, అంటే 160 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీల్లో, రిసీవర్ సొంత నాయిస్ కన్నా పిడుగుల నుంచి, కరెంటు తీగల నుంచి వచ్చేదే చాలా ఎక్కువ. మా చుట్టూ రొయ్యల గుంటలు, రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే మోటార్లు), ఇక చెప్పాలా. యాంటెన్నా ఓ పది డీబీ (డెసిబెల్) తక్కువ పట్టినా సిగ్నల్, నాయిస్ రెండూ కలిసే తగ్గుతాయి, అందులో పోయేదేమీ లేదు.

చూసుకోవడం తేలిక. బ్యాండ్ బాగా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, అంటే చలికాలం మధ్యాహ్నం, మీరు వాడే సన్న సీడబ్ల్యూ (మోర్స్) ఫిల్టర్ పెట్టి, యాంటెన్నా తీసి దాని చోట 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) పెట్టండి. మళ్లీ యాంటెన్నా పెట్టగానే హిస్ (బుస్సుమనే చప్పుడు) స్పష్టంగా పెరిగితే ప్రీయాంప్ అక్కర్లేదు. మీటర్ని కాదు, చెవిని నమ్మండి, అంత కింద మీటర్లు కదలవు.

తర్వాత డాబా మీద తొమ్మిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల ఎత్తు ఫ్లాగ్ (దీర్ఘచతురస్రపు లూప్ యాంటెన్నా) కట్టాను. దాని గెయిన్ 160లో సుమారు మైనస్ 30 డీబీఐ, అంటే పట్టే సిగ్నల్ చాలా తక్కువ. పెట్టినా తీసినా హిస్‌లో తేడా లేదు. ఇదిగో, ప్రీయాంప్ ఉండాల్సింది ఇక్కడ, అదీ కేబుల్ పొడవైతే యాంటెన్నా మొదట్లోనే. అంతకన్నా ముందు కోయాక్స్ కేబుల్‌కి ఫెరైట్ చోక్ (పైతొడుగు మీది నాయిస్‌ని ఆపేది) వేయండి, లేకపోతే కేబుల్ పైతొడుగు మీద పాకే గోలనే పెంచి వింటుంటారు.

మీడియం వేవ్ స్టేషన్లను ఆపే ఫిల్టర్ కూడా ఉండాలి. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్, ఇంకో బలమైన స్టేషన్ 1017 మీద ఉంటే, నాసిరకం ప్రీయాంప్‌లో రెండూ కలిసి 1854 మీద దయ్యంలా తేలతాయి.

ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు రిలే స్విచ్‌తో ప్రీయాంప్‌ని తప్పించడం మరిచిపోవద్దు. నాది ఒకటి అలాగే కాలింది, ఆ వాసన రెండ్రోజులు గదిలోనే ఉంది.