కూకో అంటేనే కూర్చుంటుంది

"నేను దానికి తెలుగులో చెప్పను. అందరూ నవ్వుతారు."

మా అమ్మాయి ఈ మాట ఇంగ్లిష్‌లో అంది. జూన్ నెల సాయంత్రం, ఎంవీపీ కాలనీలో మా అమ్మానాన్నల ఇంటి వరండాలో నిలబడి. కుక్కపిల్ల తన గౌను అంచు పళ్లతో పట్టుకుని వెనక్కి లాగుతోంది. "వద్దు అని గట్టిగా చెప్పు తల్లీ" అన్నాను నేను. కుక్కపిల్లకి ఏ భాషైనా ఒకటే కదా, ఆ వంకతో పాప నోట నాలుగు తెలుగు మాటలు వస్తాయని నా ఆశ. మేం ఉండే విదేశంలో తొమ్మిదేళ్లలో నేను నేర్పలేనిది వైజాగ్‌లో ఒక్క ఏడాదిలో వచ్చేయాలని, ఆఫీసు వాళ్లని బతిమాలి, ఇక్కడి నుంచి పని చేసుకునేలా ఒప్పించి వచ్చినవాణ్ణి.

"అందరూ" అన్నప్పుడు తను నా వైపే చూసింది.

నాలుగేళ్ల వయసులో తను "నాన్న వచ్చింది" అంటే ఫోన్‌లో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఆ తర్వాత ఎప్పుడు ఇండియా వచ్చినా ఎవరో ఒకరు "ఏదీ, నాన్న వచ్చింది అను" అని అడిగేవాళ్లు. ముద్దు కొద్దీ నవ్విన నవ్వే. కానీ నోరు విప్పినప్పుడల్లా నవ్వు ఎదురైతే పిల్ల నోరు మూసుకోవడమే నేర్చుకుంటుందని నాకు తట్టలేదు. అది అర్థం కావడానికి ఇంట్లోకి ఒక కుక్కపిల్ల రావలసి వచ్చింది.

దాన్ని మే నెలలో తెచ్చాం. లేత పసుపు రంగు లాబ్రడార్. పాప ఆ వారమే మొదటిసారి తాటిముంజలు తింది. ఇది కూడా అలాగే తెల్లగా, మెత్తగా ఉందని ముంజ అని పేరు పెట్టింది. అప్పటికి దానికి నలభై రోజులు. "చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుంది సార్" అని అమ్మినాయన అంటే నమ్మాను. బళ్లు తెరిచేలోపు పాపకి ఒక తోడు దొరకాలని నాకు తొందర. తర్వాత పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ ముందు అడిగింది అది పుట్టిన తేదీ. కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండాల్సిందన్నారు. కుక్కపిల్లల ఆటంతా ఒకదాన్నొకటి కొరుక్కోవడమే. పన్ను గట్టిగా దిగితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి అయితే లేచి వెళ్లిపోతుంది. ఎంత నొక్కితే నొప్పి పుడుతుందనే లెక్క వాటికి అలా వస్తుంది. "ఆ చదువు మధ్యలో మాన్పించి తెచ్చారు. మిగతాది ఇక మీరే నేర్పాలి" అన్నారావిడ.

ఆ మాట నాకు ఇంకో చోట కూడా తగిలింది. మార్చిలో పాపని బడి మధ్యలోనే మాన్పించి తీసుకొచ్చాను.

కుక్కపిల్లకి పాలపళ్లు ఇరవై ఎనిమిది. సూదుల్లాగే ఉంటాయి. రెండు నెలలు నిండేసరికి పాప ముంజేతుల మీద, పిక్కల మీద ఎర్రగా గీతలే. అది పట్టుకోగానే పాప కేకపెట్టి పరుగెత్తేది. పరుగెత్తే కాళ్లు కనిపిస్తే ఏ కుక్కపిల్లా ఊరుకోదు, అది తన కోసం మొదలైన ఆట అనుకుంటుంది. కేక ఎంత పెద్దదైతే దానికి అంత హుషారు. "కుక్కకి భయం ఉండాలిరా" అని మా నాన్న పేపరు చుట్టి మూతి మీద రెండు తగిలించారు. నాన్నని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎవరో చెప్పారని నేను దాని మూతి రెండు నిమిషాలు గట్టిగా పట్టుకున్నాను. వదలగానే ఇంకా కసిగా నా వేలు పట్టుకుంది. నాలుగు రోజులకే అది మారిపోయింది. చెయ్యి చాపితే తల వెనక్కి తీసేది, నిమరబోయినా ముందు నోరే తెరిచేది. నొప్పి చేత్తో వస్తుందని మేమే నేర్పాం. మరి అది చేతిని ఎందుకు నమ్మాలి?

ఆ రోజుల్లోనే పాప బొటనవేలి దగ్గర పన్ను దిగి నెత్తురొచ్చింది. అమ్మ పసుపు తేవడానికి వంటింట్లోకి పరుగెత్తింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచిన కాలం అమ్మకి గుర్తు, అందుకే ఒళ్లంతా వణుకు. ఆడుకుంటూ కొరికిన కుక్కపిల్లే కదా అని నేను వదిలేసేవాణ్ణేమో, ఆ టెన్షన్ పడింది అమ్మ కాబట్టి సరిపోయింది. ముంజకి అప్పటికి రేబిస్ టీకా వేసే వయసు రాలేదు. అది మూడు నెలలకి వేస్తారు. దాని తల్లికి వేశారో లేదో మాకు తెలియదు. పాప చేతిని కొళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు గానీ కారం గానీ ఏదీ పెట్టకుండా, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇప్పుడు ఇంజెక్షన్లు బొడ్డు చుట్టూ వేయరు. డాక్టరు చెప్పిన తేదీలకి ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ వేయించాం. మన దేశంలో పెంపుడు పిల్లే కదా అని తీసిపారేయకూడని విషయం ఇది.

పాప ఏడ్చింది, కానీ ముంజని ఇచ్చేయొద్దని ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత పశువుల డాక్టరమ్మ చెప్పిన పద్ధతి పట్టుకున్నాం. పన్ను ఒంటికి తగిలిన క్షణం ఆట ఆగిపోవాలి. అరవకూడదు, చెయ్యి విసురుగా లాక్కోకూడదు. చేతులు కట్టుకుని, ఎటో చూస్తూ చెట్టులా నిలబడాలి. అప్పటికీ వదలకపోతే గేటు అవతలికి వెళ్లి అర నిమిషం ఆగి తిరిగి రావాలి. దాన్ని గదిలో పెట్టి తలుపేయడం కాదు, మనమే వెళ్లాలి. నోటికి పని కావాలి కాబట్టి తాడు ముడి గానీ, తడిపి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన గుడ్డ గానీ అందించాలి. పాత చెప్పు ఇవ్వకూడదు, దానికి పాత చెప్పూ కొత్త చెప్పూ ఒకటే. మామిడి టెంక అసలు ఇవ్వకూడదు, మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. మెల్లగా నాకితే, బొమ్మ అందుకుంటే, ఆ క్షణంలోనే గోరంత ఉడికించిన చికెన్ ముక్క. ఒక్క నిమిషం ఆలస్యమైనా ముక్క దేనికి వచ్చిందో దానికి తెలియదు.

ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఈ వయసు పిల్ల రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోవాలి. మా ఇంట్లో సాయంత్రమైతే వచ్చేపోయే జనం. ఏడు గంటలకి ముంజకి పూనకం వచ్చినట్టు కొరకడం, నిద్ర ఆపుకున్న పసిపిల్లల మారామే. నాలుగింటికి వెనక గదిలో ఫ్యాన్ కింద పడుకోబెట్టడం మొదలుపెట్టాక కొరకడం సగానికి సగం తగ్గింది.

చెట్టులా నిలబడటం పాపకి బాగా వచ్చింది. నాకే రాలేదు. ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు కాళ్ల దగ్గర చేరి కొరికితే బుజ్జగించి వదిలేసేవాణ్ణి, ఇంకో రోజు చిరాకులో అరిచేవాణ్ణి. ఇంటిల్లిపాదీ ఒకేలా ఉండకపోతే ఇది పనిచేయదని అందరికీ చెప్పింది నేను, తప్పింది కూడా నేనే.

మాటల దగ్గర మరీ అన్యాయం. ఒక పనికి ఒకే మాట ఉండాలి. నాన్న "సిట్" అంటారు, అమ్మ "కూచోరా నాయనా" అంటుంది, నేను అచ్చంగా "కూర్చో" అంటాను. పది రోజులైనా ముంజ మా ముఖాలు చూడటమే. ఒక మధ్యాహ్నం, మా ఇంట్లో పని చేసే అప్ప దాని గిన్నె పట్టుకుని "కూకో. కూకుంటేనే బువ్వ" అంది. చటుక్కున కూర్చుంది. వారం నుంచి ఆవిడ రోజూ అదే మాట, అదే గొంతుతో అంటోంది మరి. అప్పది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లె. మేమందరం అప్ప అనే పిలుస్తాం. నోట్లోది వదిలించడానికి ఆవిడ మాట "ఒగ్గేయ్". దానికీ వింటోంది.

పాప ఎగిరి గంతేసి, "ముంజా, కూకో!" అంది. ఎవరూ చెప్పకుండా తనంతట తాను అన్న తెలుగు మాట. నేనేం చేశానో చూడండి. "కూకో కాదు నాన్నా, కూర్చో అనాలి" అన్నాను.

పాప ఒక్క క్షణం ఆగి, తెలుగులోనే అడిగింది. "అప్ప తెలుగు తప్పా?"

అప్ప గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "పాపకి మంచి మాటలు సెప్పండి బాబూ, నా మాటలేటి" అని నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఆ "ఏటి" నాది కూడా. పదహారేళ్లు వచ్చేదాకా నేను ఏటి అనే అన్నాను. ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్లో వేస్తే, మొదటి వారమే గదిలో నలుగురూ నన్ను అనుకరించి నవ్వారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, ఇప్పటికీ స్నేహితులే. కానీ నెల తిరిగేసరికి నా యాస పోయింది. పోయిందని ఇన్నేళ్లు గర్వపడ్డాను కూడా. నవ్వితే నోరు ఎలా మూతపడుతుందో నాకు తెలియకపోవడమేమిటి? తెలిసి కూడా అదే పని నా కూతురికి చేశాను.

ఆగస్టు 29న అక్కడ మేం ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, పిల్లల చేత పద్యాలు చెప్పిస్తాం. అది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట శ్రీకాకుళం జిల్లాలో, ముఖలింగం దగ్గర. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిన మనిషి. స్టేజీ మీద ఆయన ఫొటోకి దండ వేసి ఆయన వైపు ఊళ్ల మాటని తప్పు అనేవాణ్ణి నేను. ఈసారి ఆ రోజున ముంజ ముందరి పాలపన్ను ఒకటి ఊడి వరండాలో దొరికింది. పాప దాన్ని అగ్గిపెట్టెలో దాచుకుంది.

ఇంట్లో అందరం కూకోకే మారాం. నాన్న కూడా.

ముంజ పాప తెలుగుకి నవ్వదు. "ముంజా ఇక్కడ వచ్చాడు" అన్నా తోకాడిస్తూ వచ్చేస్తుంది. తప్పు అన్నదాన్ని పట్టించుకోకుండా దాటేయడం, సరిగ్గా అన్నదానికి వెంటనే ఒళ్లో వాలిపోవడం. డాక్టరమ్మ కుక్కకి చేయమని మాకు చెప్పినదాన్ని కుక్క మా పాపకి చేస్తోంది. సాయంత్రాలు గేటు దగ్గర మెట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉంటే పాప గొంతు వినిపిస్తుంది. సగం తెలుగు, సగం ఇంగ్లిష్, మధ్యలో అప్ప మాటలు. నేను దగ్గరికి వెళ్తే ఆగిపోతుంది. అందుకే వెళ్లను.

దసరాకి చుట్టాలొచ్చారు. పెదనాన్న గారు "ఏదీ, తెలుగులో ఒక ముక్క మాట్లాడమ్మా" అన్నారు. పాప తల దించుకుంది. అంతలో ముంజ ఆయన పంచె కొస నోట పట్టింది. "ముంజా, ఒగ్గేయ్!" అంది పాప. వదిలేసింది. హాలంతా గొల్లున నవ్వు. నేను గట్టిగా "నవ్వకండి" అన్నాను. అందరూ నిశ్శబ్దమైపోయారు, పెదనాన్న గారి ముఖం చిన్నబోయింది. ఆయన నవ్వు మురిపెమే. అమ్మ నాతో రెండు రోజులు ముభావంగా ఉంది. నేను చేసింది పాప కోసమా, నా హాస్టల్ గదిలో అనలేకపోయిన మాట ఇప్పుడు అన్నానా, నాకు తెలియదు.

ముంజకి ఇప్పుడు ఏడు నెలలు. గట్టి పళ్లొచ్చాయి, కొరకడం దాదాపు పోయింది. ఎదిగేసరికి ముప్పై కిలోలు ఉంటుంది. ఎముకలు గట్టిపడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది కాబట్టి మెట్ల మీద పరుగులు, దివాన్ మీంచి దూకడాలు ఆపుతున్నాం. కాల్షియం సిరప్ పోయమని వీధిలో అందరూ చెప్పారు. పెద్ద జాతి పిల్లల కోసం చేసిన తిండి పెడుతుంటే పైన కాల్షియం ఇవ్వకూడదు, ఎక్కువైతే ఎముకలు పాడవుతాయి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసే వేళకి నాన్నని కూడా తీసుకెళ్తున్నాను. గొలుసు బిగిస్తే ఆగిపోవడం, వదులైతే నడవడం. పెదజాలారిపేట వైపు ఎండుచేపల వాసన వస్తే మాత్రం ఇంకా లాగేస్తుంది. మార్చిలో మేం వెళ్లిపోతాం. డెబ్బై రెండేళ్ల మనిషి మోకాలి నొప్పితో దీన్ని ఎలా పట్టుకుంటారు? తల్లి దగ్గర నుంచి ఒకసారి లాక్కొచ్చినదాన్ని పాప దగ్గర నుంచి మళ్లీ విడదీస్తున్నాం. పాప భాష కోసం ఒక ప్రాణాన్ని తెచ్చానేమో అనిపించిన రోజు అన్నం సహించడం లేదు. అక్కడికి వెళ్లాక పాప ఎవరితో కూకో అంటుంది?

నిన్న రాత్రి పాప తాతయ్య కోసం ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించింది. ముంజకి వచ్చిన మాటలన్నీ, తెలుగు అక్షరాల్లో, పెద్దవిగా. కూకో. రా. ఆగు. ఒగేయ్.

నా చేతిలో పెన్ను ఉంది. గ కింద ఒత్తు పెట్టేశాను. పెట్టాక గానీ ఏం చేశానో తెలియలేదు. పాప వెనకే నిలబడి చూసింది. సారీ చెప్పాను, ఇంకో కాగితం తేనా అని అడిగాను. తల అడ్డంగా ఊపి, గిన్నెలోంచి రెండు చికెన్ ముక్కలు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. కాసేపటికి బయటి నుంచి వినిపించింది.

"ముంజా, కూకో."