గంగజాతర చూసినవాడికి పంక్ కొత్తేం కాదు

ఐదు డాలర్లిస్తే కచేరీ చూడొచ్చని నాకు తెలిసింది, మా కన్సల్టెన్సీవాళ్ళు నా పేరు మీద గంటకు ఎంత బిల్లు వేస్తున్నారో తెలిసిన వారంలోనే. అది 1999. వైటూకే పుణ్యమా అని తిరుపతి నుంచి వెళ్ళి, వాషింగ్టన్‌ని ఆనుకుని ఉన్న ఉత్తర వర్జీనియాలో దిగినవాళ్ళలో నేనొకణ్ణి. క్లయింటు ఆఫీసులో ఎవరో ప్రింటర్ దగ్గర వదిలేసిన ఇన్‌వాయిస్‌లో నా పేరు కనబడింది. పక్కనే గంట రేటు. నా చేతికొచ్చేది అందులో సగం కూడా లేదు. అడుగుదామా అంటే వీసా వాళ్ళ చేతిలో ఉంది. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో రాసిన బాండు పేపరు మీద నా సంతకమూ ఉంది. నోరు మూసుకుని పని చేసుకున్నాను.

పక్క క్యూబికల్‌లో టెస్టింగ్ చేసే ఒక తెల్లాయన ఉండేవాడు. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. లంచ్‌లో నా గోడు విని, మర్నాడు ఒక సీడీ తెచ్చి చేతిలో పెట్టాడు. ఫుగాజీ అనే పంక్ బ్యాండుది. పంక్ అంటే గిటార్ల మోతతో, వేగంగా, అరుస్తూ పాడే రాక్ సంగీతం. ఐదు డాలర్ల కచేరీలు వీళ్ళవే. "పాటలు తర్వాత, ముందు వెనకవైపు చూడు" అన్నాడు. తిప్పి చూస్తే, పోస్టు ఖర్చుతో కలిపి దీని ధర ఇంత అని అచ్చేసి ఉంది. షాపులో అంతకు మించి అడిగితే ఎంత ఎక్కువ గుంజుతున్నారో కొనేవాడికి తెలిసిపోతుంది. దాన్ని వేసిన డిస్కార్డ్ రికార్డ్స్ ఉన్నది మా ఆఫీసుకు దగ్గర్లోనే, ఆర్లింగ్టన్‌లో.

డిస్కార్డ్ సంగతులు వినేకొద్దీ నాకు మతి పోయింది. హైస్కూలు వయసు కుర్రాళ్ళు కొందరు టీన్ ఐడిల్స్ అని బ్యాండు కట్టి, షోలకొచ్చిన డబ్బు పంచుకోకుండా దాచిపెట్టారు. 1980లో బ్యాండు విడిపోయింది. ఆ డబ్బుతో తమ పాటలు ఒక చిన్న రికార్డుగా వేసుకున్నారు. దాని కోసం పెట్టుకున్న పేరే కంపెనీ అయింది. వాళ్ళలో ఒకడు ఇయాన్ మెకై. తర్వాత మైనర్ థ్రెట్ పెట్టాడు, అది 1983లో ఆగిపోయింది, 1987 నుంచి ఫుగాజీతో స్టేజీ ఎక్కాడు. కంపెనీకీ బ్యాండ్లకీ మధ్య కాగితాల మీద ఒప్పందాలుండవు. ఖర్చులు పోను మిగిలింది పంచుకోవడమే. అదీ వాషింగ్టన్, దాని చుట్టుపక్కల బ్యాండ్లకే. బయటి ఊళ్ళవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా వాళ్ళ రికార్డులు వెయ్యరు. బాండు రాసిచ్చి సముద్రం దాటిన నాకు, సంతకాలే లేని వ్యాపారం అంత దగ్గర్లో అన్నేళ్ళుగా నడుస్తోందంటే ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు.

ఇక పాటల సంగతి. నేను పెరిగింది బైరాగిపట్టెడలో. పొద్దున సుప్రభాతం, సాయంత్రం ఏ గుడి మైకులో విన్నా అన్నమయ్య, ఏడాదికోసారి త్యాగరాజ మండపంలో ఉత్సవాలు. వెళ్ళి చాప మీద కూర్చోవడమే, టికెట్ అనే ఆలోచనే ఉండదు. అలాంటివాణ్ణి ఈ గిటార్ల మోత ఎలా విన్నావని మావాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. వాళ్ళు గంగజాతర మర్చిపోయి అడుగుతున్నారు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు చాటింపు వేశారంటే తిరుపతి తిరుపతిలా ఉండదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు, రోజుకొకటి. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి పట్టుకోడానికి గంగమ్మ మారు వేషాల్లో ఊరంతా వెతికిందని కథ. బండ వేషం నాడు ఒళ్ళంతా కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు పూసుకుని, వేపాకు చుట్టుకుని మగపిల్లలు వీధుల్లో పడతారు. మీసాలున్నవాళ్ళు చీర కట్టుకుని, జడ వేసుకుని, పూలు పెట్టుకుని వస్తారు. ఎదురొచ్చినవాణ్ణి బండ బూతులు తిడతారు. ఆ రోజుల్లో ఎస్సైనైనా తిట్టొచ్చు, లెక్చరర్నైనా తిట్టొచ్చు, పడాల్సిందే. కొండ మీది స్వామి చెల్లెలని తిరుమల నుంచి పసుపు, కుంకుమ, చీరతో సారె వస్తుంది, ఆ సారె ముందే ఈ తిట్లన్నీ. మర్యాదస్తుల ఊరికి మర్యాద మీద ఏడాదికోసారి తీర్చుకునే కసి అది. పైగా అది ఊరి సొంతం. టూరిస్టుల కోసం కాదు. చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని పెద్దలు చెప్పేవాళ్ళు.

కాబట్టి ఫోర్ట్ రెనోలో మొదటిసారి ఫుగాజీని చూసినప్పుడు నాకు వింతేమీ అనిపించలేదు. అంతర్యుద్ధ కాలంలో కోట కట్టిన మిట్ట అది, వాషింగ్టన్ నగరంలోకెల్లా ఎత్తైన చోటు. ఇప్పుడు పార్కు. రెడ్ లైన్‌లో టెన్లీటౌన్ స్టేషన్ దగ్గర దిగి నడిచిపోవచ్చు. 1968 నుంచి వేసవి సాయంత్రాల్లో ఊరి బ్యాండ్లు అక్కడ ఉచితంగా వాయిస్తున్నాయి. గడ్డిలో దుప్పట్లు పరుచుకున్న కుటుంబాలు, కుక్కలు, స్టేజీ ముందు చెమటలు కక్కుతున్న కుర్రకారు. డ్రమ్ముల పక్కన ఒక పెద్ద గంట వేలాడుతోంది, గుడి గంటంత. డ్రమ్మరు బ్రెండన్ కాంటీ పాట మధ్యలో దాన్ని ఒక్కటి కొట్టేసరికి, అలవాటు కొద్దీ నా చెయ్యి చెంప మీదికి పోబోయింది. రెండో గిటార్ గై పిచోటోకి పూనకమే తక్కువ. నిజం చెప్పాలంటే పూనకం ఆయనకే ఎక్కువ, మన దగ్గరైతే నిమ్మకాయ నోట్లో పెట్టి నిలబెట్టేవాళ్ళు.

ఇంకో మాట చెప్పాలి. ఆ గుంపులో నల్లటి ముఖం నాదొక్కటే కదా అని మొదట్లో బిగుసుకుపోయేవాణ్ణి. ఆ టెస్టింగాయనే చెప్పాడు, ఈ ఊళ్ళో అందరికీ వాయించడం నేర్పింది బ్యాడ్ బ్రెయిన్స్ అనే బ్యాండని. నలుగురూ నల్లవాళ్ళే. జాజ్‌నీ రాక్‌నీ కలిపే జాజ్ ఫ్యూజన్‌తో మొదలుపెట్టి, 1970ల చివరికి పంక్‌లోకొచ్చి, వేగంలో అందర్నీ తలదన్నారు. మెకై లాంటి తెల్ల కుర్రాళ్ళు వాళ్ళను చూసే నేర్చుకున్నారు. అది విన్నాక నేను గుంపు వెనక నిలబడటం మానేశాను.

అమ్మకు ఫోన్‌లో ఇదంతా చెప్పేవాణ్ణి. కాలింగ్ కార్డుల రోజులు, నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడాలి. కొడుకు చెడు సావాసాలు పట్టాడేమోనని ఆమెకు టెన్షన్. మైనర్ థ్రెట్ 1981లో ఒక చిన్న పాట పాడింది, మత్తుమందుల జోలికి పోను, నాకు అంతకంటే మంచి పనులున్నాయి అని. నిమిషం కూడా ఉండదు. అదే 'స్ట్రెయిట్ ఎడ్జ్' పేరుతో, తాగం, పొగ తాగం, మత్తు ముట్టం అని, దేశదేశాల పిల్లలకు నియమమై కూర్చుంది. వయసు చాలనివాళ్ళకు మందు పోయకుండా క్లబ్బువాళ్ళు చేతి వెనక గీసే పెద్ద ఇంటూ గుర్తును, వయసొచ్చినవాళ్ళు కూడా గర్వంగా గీసుకుని తిరిగారు. వాళ్ళలో చాలామంది మాంసం కూడా ముట్టరు. ఇది చెబితే అమ్మ కాసేపు ఆలోచించి, "తాగరు, మాంసం తినరు అంటే మంచి పిల్లోళ్ళే కదరా. మరి అట్ట అరిసేది ఎందుకు?" అంది.

2001లో మాంద్యం వచ్చి నన్ను బెంచి మీద కూర్చోబెట్టారు. జీతం ఆపేశారు, వీసా గడువు మాత్రం ఆగలేదు. రూమ్మేట్లు రాత్రిళ్ళు రెజ్యూమెలు దిద్దుకుంటూ ఒకరి మీద ఒకరు విసుక్కునేవాళ్ళు. నేను పద్నాలుగో వీధిలో బ్లాక్ క్యాట్‌కి పోయేవాణ్ణి. దాన్ని నడిపేది కూడా ఇక్కడి పాత పంక్ డ్రమ్మరే, డాంటే ఫెరాండో, 1993లో తెరిచాడు. జేబులో డబ్బు లేని ఆ రోజుల్లోనూ అడ్డు చెప్పకుండా లోపలికి రానిచ్చిన చోటు అమెరికాలో నాకు అదొక్కటే. ఎన్‌కోర్, అంటే జనం అడిగితే ఆఖర్న మళ్ళీ వచ్చి వాయించేది, ఎప్పుడూ చూడలేదు. మా వర్జీనియాలోని వియన్నా ఊరి వైపు ఆఖరి ఆరెంజ్ లైన్ రైలు తప్పిపోతే టాక్సీకి పెట్టే స్థోమత లేదు. తర్వాత ఉద్యోగం దొరికింది. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళు గడిచాయి. పెళ్ళి, పిల్లలు, ఇల్లు, లోను, అందరి కథే నాదీ. ఫుగాజీ 2002 నవంబరులో లండన్‌లో ఆఖరి షో చేసి ఆగిపోయింది. విడిపోయామని వాళ్ళు చెప్పలేదు. మళ్ళీ కలిసి స్టేజీ ఎక్కనూ లేదు.

ఊళ్ళో పాట మాత్రం ఆగలేదు. పదహారో వీధిలో సెయింట్ స్టీఫెన్స్ అని చర్చి ఉంది. పాజిటివ్ ఫోర్స్ అనే పంక్ కార్యకర్తల బృందం 1985 నుంచీ చేసే సహాయార్థ కచేరీలు చాలా అక్కడే జరిగాయి. 2018లో అదే చర్చిలో మెకై తన భార్య ఎమీ ఫరీనాతో, ఫుగాజీ బేస్ గిటారిస్టు జో లాలీతో కలిసి కొరికీ అనే కొత్త బ్యాండుతో మొదటి షో చేశాడు. నేనున్నాను. చుట్టూ చూస్తే తెల్లజుట్లు, బట్టతలలు, మోకాళ్ళకు పట్టీలు. నాన్నల భుజాల మీద పిల్లలు, మోత తగలకుండా చెవులకు పెద్ద పెద్ద మఫ్లు. ఒకప్పుడు స్టేజీ మీది నుంచి జనం మీదికి దూకినాయన ఒకడు కుర్చీ ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాడు. నా కుడి చెవిలో కీచుమనే శబ్దం అప్పటికే స్థిరపడిపోయింది. డాక్టరు ఇకనైనా మానమంది. చెవుల్లో పెట్టుకునే నురుగు ప్లగ్గులు రెండు జేబులో వేసుకుని, సౌండ్ బోర్డు పక్కన నిలబడి చూస్తాను. అక్కడ శబ్దం సమంగా ఉంటుందని బయటికి చెప్పే కారణం. ఆనుకోడానికి ఇనప కమ్మీ ఉంటుందన్నది అసలు సంగతి.

నాకంటే చిన్నవాళ్ళు, మంచి కంపెనీల్లో ఉన్నవాళ్ళు, వందల డాలర్లు పోసి స్టేడియంలో చీమంత సైజులో కనబడే గాయకుణ్ణి చూసొచ్చి ఫోటోలు పెడతారు. వాళ్ళిష్టం. నేను మాత్రం వాయించినవాడు తన వైర్లు తనే చుట్టుకుంటుంటే పక్కన నిలబడి, బాగుందని చెప్పి, చెయ్యి కలిపి వచ్చే షోకే పోతాను. నా గంటల మీద ఎవరెవరో తిన్న ఏళ్ళలో, ఎదుటివాడి ఇష్టం మీద లాభం వేసుకోని మనుషుల్ని నేను చూసింది అక్కడే.

ఇప్పుడు ఏడాదిలో కొన్ని నెలలు తిరుపతిలో అమ్మ దగ్గరుంటూ ఇక్కణ్ణుంచే పని చేస్తున్నాను. రాత్రి మీటింగులు, పగలు నిద్ర. జాతరకు తప్పకుండా ఉండేలా చూసుకుంటాను. చిన్ననాటి స్నేహితుడొకడు ఈ వయసులోనూ బండ వేషం వదల్లేదు. ఒంటికి అంటిన కుంకుమ కడుక్కుంటూ, "మీ వాషింగ్టన్‌లో ఐదు డాలర్లిచ్చి తిట్టించుకుంటారు. ఈడ మేం ఊరికే తిడతాం కదరా, మళ్ళీ అంత దూరం ఏంటికి?" అన్నాడు. వాడికి నా దగ్గర జవాబు లేదు.

ఫుగాజీ తన కచేరీల్లో ఎనిమిది వందలకు పైగా రికార్డు చేసి పెట్టుకుంది. 2011 నుంచి వాటిని ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. వాళ్ళు సూచించిన ధర, అప్పుడూ, కచేరీకి ఐదు డాలర్లే. పాటల మధ్య మాటలు, తగవులు, తీగలు శృతి చేసుకోవడం, అన్నీ ఉంటాయి. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు మొన్న హెడ్‌ఫోన్స్‌లో ఒకటి వింటూ వచ్చాడు.

"మామా, ఈయప్ప పాట ఆపేసి ఎవురికో క్లాసు పీకతా ఉండాడే?"

ముందు వరసలో ఎవడైనా పక్కవాళ్ళను గుద్దుతూ, తోస్తూ ఉంటే మెకై పాట ఆపేస్తాడనీ, మర్యాదగా ఒకసారి చెబుతాడనీ, వినకపోతే కవర్లో ఐదు డాలర్లు పెట్టి చేతికిచ్చి బయటికి పంపిస్తారనీ చెప్పాను.

వాడు ఒక చెవి ఖాళీ చేసుకుని, "అంటే గలాటా చేస్తే టికెట్టు డబ్బులు వాపసా?" అన్నాడు. "మనూళ్ళో ఇట్ట పెడితే రెండో పాటకు హాలు ఖాళీ, మామా."